సార్నియా బాత్‌టబ్‌లో మిరుగు చేప

కెనడా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి, హన్మకొండలో మా కర్రీ పాయింట్‌కి వచ్చినవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, నయాగరా ఎట్లుంది అని. చూశాను. బాగుంది. తడిశాను. అంతకు మించి దాని గురించి నన్నడక్కండి, ఫోటోలు ఫోన్లో ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది మా చెల్లెలు సుజాత కుటుంబంతో కలిసి, వాళ్ళుండే ఎటోబికో నుంచి సార్నియా దాకా కారులో చేసిన ప్రయాణం గురించి. ఆ ప్రయాణంలో ఒక బాత్‌టబ్ ముందు కత్తిపీట వేసుకుని కూర్చోవలసి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే మిరుగు దగ్గర మొదలుపెట్టాలి.

మృగశిర కార్తె వచ్చిన రోజును మా తెలంగాణలో మిరుగు అంటాం. ఆ రోజు ఇంటిల్లిపాదీ చేప తినాల్సిందే. కొరమీను అయితే మరీ మంచిది. ముళ్ళు తక్కువ, రుచి ఎక్కువ. అదీ ప్రాణంతో ఉన్నదే కొనాలి. ఒడ్డున పడేసినా నోరు తెరిచి గాలి పీలుస్తూ ఎంతోసేపు బతికే మొండిది కొరమీను. అటువంటిది చచ్చిపోయిందంటే ఏదో తేడా ఉన్నట్టే లెక్క. చచ్చిన కొరమీను తెచ్చిన మొగుణ్ణి మా వీధిలో ఆడవాళ్ళు గడప తొక్కనివ్వరు.

ఈసారి మిరుగు నాకు కెనడాలో వచ్చింది. ఏం తింటాంలే, ఫ్రీజర్లో ఉన్న రాయి లాంటి చేప తింటాం అని నిట్టూరుస్తూ కూర్చుంటే పవన్ ఫోన్ చేశాడు. మా కర్రీ పాయింట్‌కి చేపలు ఇచ్చే యాదమ్మ కొడుకు వాడు. సార్నియాలో కాలేజీలో చదువుతూ, మిగతా వేళల్లో కాఫీ షాపులో పని చేస్తున్నాడు.

“ఆంటీ, మిరుగుకు మీరందరు సార్నియా రాండ్రి. కొరమీను సంగతి నేను చూసుకుంట,” అన్నాడు.

“కెనడాల కొరమీను ఏడికెల్లి వస్తదిరా?”

“వచ్చినంక చూస్తరు గద!”

అంతే. మరుసటి రోజు పొద్దున్నే ధనియాల పొడి, మెంతిపొడి, ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న నా కత్తిపీట సర్దుకున్నాను.

ఎటోబికో: తేట నీళ్ళు

బయల్దేరే ముందు సుజాత సరస్సు చూపిస్తానని ఒడ్డుకు తీసుకెళ్ళింది. దాన్ని సరస్సు అనడానికి నాకైతే నోరు రాలేదు. అవతలి ఒడ్డు కనబడితేనే కదా సరస్సు! ఒడ్డున నడుస్తుంటే కాళ్ళ కింద కరకరమని చప్పుడు. ఎవరో పల్లీలు తిని పొట్టు పారేసినట్టుంది. వంగి చూస్తే వేలి గోరంత గుల్లలు, ఒక్కో దాని మీద చారలు, ఒడ్డు పొడుగునా అవే.

“జీబ్రా మస్సెల్స్ వదినా,” అన్నాడు మా మరిది భాస్కర్. “ఎక్కడో నల్ల సముద్రం వైపు నుంచి ఓడల కడుపులో నింపుకొచ్చిన నీళ్ళతో వచ్చేశాయి. ఇప్పుడు పైపుల్లో, పడవలకి, రాళ్ళకి, ఎక్కడ చూసినా ఇవేనండి.”

“అయినా నీళ్ళు ఎంత తేటగున్నయో చూడు. మన చెరువులు ఇట్లుంటే ఎంత బాగుండు,” అన్నాను.

సుజాత నవ్వింది. “ఆ తేట వీటి వల్లనే అక్కా. నీళ్ళల్ల ఉన్న మేత మొత్తం ఇవే జుర్రుకుంటయి. చేప పిల్లలకు ఏం మిగలదు.”

తేట నీళ్ళు చూసి బాధపడాలని నాకు ఈ వయసులో తెలిసింది. మా ఇంటి ముందు చెరువు ఆకుపచ్చగా ఉందని ఇన్నాళ్ళూ మున్సిపాలిటీని తిట్టినదాన్ని. కాస్త నోరు తగ్గించుకోవాలనుకున్నాను గానీ, అది నా వల్ల అయ్యే పని కాదు.

వాటర్లూ: పులుసు పంచాయితీ

మొదటి రాత్రి మజిలీ వాటర్లూలో, గ్రేస్ గారింట్లో. ఆవిడది కాకినాడ, ఇక్కడ నర్సు. భాస్కర్‌ది భీమవరం కాబట్టి ఇద్దరికీ గోదావరి చుట్టరికం. భోజనానికి ముందు ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, నేను ఒక కన్ను తెరిచి పులుసు గిన్నె చూశాను. దేవుడు క్షమిస్తాడు. మామిడికాయ వేసి కాచిన పులుసు అది, చేప ఇక్కడి సరస్సుల్లోనే దొరికే పికరెల్.

“ఇక్కడి చేపకి మన పులుసు ఎక్కడానికి రెండేళ్ళు పట్టిందండి,” అన్నారు గ్రేస్ గారు. “మొదట్లో ఉప్పు వేరు, చేప వేరు అన్నట్టు ఉండేది.”

చాలా బాగుంది. ఆ మాటే అని ఊరుకోవచ్చు కదా. “కొరమీను అయితే ఇంకా బాగుంటది,” అన్నాను. ఇక చూడాలి! పులస ముందు ఏ చేపైనా దిగదుడుపేనని భాస్కర్, పులస పేరు చెప్పి ఆస్తులు అమ్ముకునేవాళ్ళు మీ వైపేనని నేను. సుజాత పెళ్ళైన నాటి నుంచి ఈ గొడవ నడుస్తూనే ఉంది. వాళ్ళమ్మాయి మేఘన, పన్నెండేళ్ళది, మధ్యలో తలెత్తి “పెద్దమ్మా, యు గైస్ ఆర్ ఫైటింగ్ అబౌట్ ఫిష్?” అంది. అవును తల్లీ, మరి దేని గురించి కొట్లాడాలి?

రాత్రి గెస్ట్ గదిలో దుప్పటి సరిచేస్తూ గ్రేస్ గారు మాత్రం మెల్లిగా అడిగారు, “ఇక్కడ బతికున్న కొరమీను అమ్మరండి. ఆ పిల్లాడికి ఎక్కడ దొరికిందట?” పట్టుకున్నాడేమో అన్నాను. ఆవిడ లైటు ఆర్పి వెళ్ళారు. నాకు నిద్ర ముంచుకొస్తోంది.

గ్రాండ్ బెండ్: ఇసుక దొందులు

రెండో రోజు దారి పొడుగునా కాలువల్లో రెల్లు. మనిషికి రెండింతల ఎత్తు, గోడ కట్టినట్టు. ఇంత రెల్లుంటే ఎన్ని తడకలు అల్లుకోవచ్చో అని నేను లెక్కలేస్తుంటే, అది కూడా బయటి నుంచి వచ్చిందేనట. యూరప్ రెల్లు. ఇక్కడి రెల్లును తొక్కేసి, కప్పలకీ తాబేళ్ళకీ చోటు లేకుండా చేస్తోందట.

“ఈ దేశంల దేశంది అంటూ ఏమన్నా మిగిలిందా మరిదీ?” అని అడిగాను.

“దోమలున్నాయి వదినా, అచ్చంగా లోకల్,” అన్నాడు.

హ్యూరాన్ సరస్సు ఒడ్డున గ్రాండ్ బెండ్‌లో ఆగాం. అక్కడ నీళ్ళలోకి కట్టిన గట్టు చివర ఒక ముసలాయన గాలం వేస్తున్నాడు. వేసిన ప్రతిసారీ బొటనవేలంత లావున్న చేప తగులుతోంది, ఆయన ప్రతిసారీ తల మీద ఒకటిచ్చి ప్లాస్టిక్ సంచిలో పడేస్తున్నాడు. దగ్గరికెళ్ళి చూసి భాస్కర్ ఎగిరి గంతేశాడు.

“వదినా! ఇసుక దొందులు!”

నిజమే. గోదావరి వాళ్ళు ప్రాణం పెట్టే ఇసుక దొందుల్లాగే ఉన్నాయి. ఇక్కడ రౌండ్ గోబీ అంటారట. ఇదీ ఆ నల్ల సముద్రం బాపతే. మిగతా చేపల గుడ్లు, పిల్లలు కనబడితే చాలు, మింగేస్తుందట. పట్టుకుంటే మళ్ళీ నీళ్ళలో వదలకూడదు, చంపెయ్యాలి అని ముసలాయన చెప్పాడు. ఆ సంచి ఏం చేస్తారని అడిగితే చెత్తబుట్ట చూపించాడు.

“అయ్యో! పసుపు, కారం రాసి కరకరలాడేలా వేయిస్తే...” అని భాస్కర్ ఇంగ్లీషులో వంటకం మొదలుపెట్టాడు. పాపం ముసలాయన గాలం పక్కన పెట్టి మరీ విన్నాడు. విని, సంచి భాస్కర్ చేతిలో పెట్టబోయాడు. సుజాత మొగుడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. “ఇంటికాడ పులసలు, ఈడ దొందులు. కారు ఎక్కు!”

మంచి మనిషి ఆ ముసలాయన. తన తాతల నాటి నుంచి అక్కడే చేపలు పడుతున్నారట. చిన్నప్పుడు ఇక్కడ ఏవి దొరికేవో పేర్లు చెబుతుంటే, పెళ్ళికి రాని చుట్టాలను తలచుకున్నట్టుంది. మా కారు కదిలే దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

సార్నియా: తొట్టిలో తీర్పు

సార్నియా వచ్చేసరికి మధ్యాహ్నం. ఊరి చివర ఫ్యాక్టరీల పొగగొట్టాలు, నూనె ట్యాంకులు. రామగుండం వచ్చానా అనిపించింది. పవన్, ఇంకో ముగ్గురు కుర్రాళ్ళు ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటారు. మిగతా వాళ్ళు పనికి వెళ్ళారు. వీడు గుమ్మంలోనే నిలబడి మొహం వెలిగిపోతుండగా “రాండ్రి ఆంటీ, ముందు బాత్రూంకు రాండ్రి,” అన్నాడు. ఇంత ఆదరంగా ఎవరూ నన్ను బాత్రూంకి పిలవలేదు.

బాత్‌టబ్ నిండా నీళ్ళు. అందులో మూరెడు పైచిలుకు పొడుగున్న చేప. పాము తల, గుండ్రటి తోక, వీపు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా రెక్క. మేం చూస్తుండగానే పైకొచ్చి గుటుక్కున గాలి మింగి మళ్ళీ కిందికెళ్ళింది.

“కొరమీనే!” అన్నాను. ఖండాలు దాటి వచ్చి సొంత మేనత్తను చూసినట్టయింది.

“చెప్పలేదా ఆంటీ! నిన్న సాయంత్రం పట్టిన. సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డుకు రెల్లు ఉంటది, ఆడ. లైసెన్స్ ఉంది నాకు. సచ్చిన కొరమీను మీకు పెడితే మా అమ్మ నన్ను సంపుతది, అందుకే ఆ సరస్సు నీళ్ళు గూడ బకెట్లల్ల తెచ్చి పోసిన. మా రూమ్మేట్లు స్నానాలు బంద్ పెట్టిండ్రు.”

“రెక్కలు ఇట్ల పచ్చగ ఎందుకున్నయిరా?”

“పాచి రంగు పట్టినట్టున్నది ఆంటీ.”

సరే అనుకున్నాను. కత్తిపీట తీసి తొట్టి పక్కనే వేసుకుని కూర్చున్నాను, ఉప్పు, పసుపు దగ్గర పెట్టుకుని. అప్పుడు మేఘన వెనక నుంచి తొంగి చూసి కెవ్వుమంది.

“మామ్! దట్స్ ఎ స్నేక్‌హెడ్! ఇట్స్ ఇల్లీగల్!”

కొరమీనుకు ఇక్కడి పేరు అదేనట, వాళ్ళ స్కూల్లో గోడ మీద ఈ బొమ్మ ఉందట. ఫోన్లో వెతికి తల్లికిచ్చింది. సుజాత పైకి చదివింది. కొరమీను జాతి చేపను ఒంటారియోలో ప్రాణంతో దగ్గర ఉంచుకోకూడదు, తీసుకెళ్ళకూడదు, నీళ్ళలో వదలకూడదు. సరస్సుల్లో అది పిల్లలు పెట్టడం మొదలుపెడితే మిగతా చేపల పని అయిపోయినట్టే. ఎక్కడైనా కనబడితే వెంటనే ఫోన్ చెయ్యాలి. జరిమానా సంగతి చదివి సుజాత మధ్యలోనే ఆపేసింది.

పవన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. “అక్కా, నా వర్క్ పర్మిట్ ప్రాసెసింగ్‌ల ఉన్నది. దీనికి కేసు పెడితే, ఈడ్నే ఉండనిచ్చే ఆ పీఆర్ ఏమైతది?”

“కేసూ లేదు, గీసూ లేదు,” అన్నాడు భాస్కర్. “కోసి వండేద్దాం. తిన్నాక ఎవడికి తెలుస్తుంది?”

నేను వెంటనే అవునన్నాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నా చెయ్యి అప్పటికే నీళ్ళలో ఉంది.

“ఆగుండ్రి ఆంటీ,” అన్నాడు పవన్. తొట్టి అంచు మీద కూర్చున్నాడు. “మన చెరువుల దెయ్యపు చేప పడ్డది యాదికున్నదా మీకు?”

ఎందుకు లేదు! అద్దాల పెట్టెల్లో పెంచుకునే చేప అది. ఎవరో విసుగొచ్చి చెరువులో వదిలేశారు. ఒళ్ళంతా ముళ్ళ కవచం, తినడానికి పనికిరాదు.

“మొదటిది మా బాపు వలలనే పడ్డది. ఇదేందో ఇచ్చంత్రం ఉన్నదని నవ్వి మల్ల నీళ్ళల్లకే ఇసిరిండు. ఎవ్వలకు చెప్పలే. ఇప్పుడు వల ఏస్తే సగం అవ్వే. వలలు చింపుతున్నయి. మా అమ్మ మీకు తెచ్చే చేపలు ఇప్పుడు చెరువుయి కావు ఆంటీ, మార్కెట్ల కొని తెస్తున్నది. మీకు చెప్పలే గంతే.”

నాకు తెలియదు. ఇన్నాళ్ళూ యాదమ్మ రేటు పెంచిందని సణుగుతూనే ఉన్నాను.

“ఈడ గిది మొదటిది కావచ్చు. నేను తిని మూతి తుడుసుకుంటే, ఆ సరస్సు మీద బతికేటోళ్ళ గతి ఏంది?” అన్నాడు. మేఘన వెతికిన పేజీలో ఉన్న నంబరుకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

అవతల ఒకామె. గొంతులో కోపం లేదు, తొందర లేదు. పేరు, చోటు అడిగింది, ఫోటోలు పంపమంది. పంపాం. నీళ్ళలో సరిగ్గా కనబడటం లేదు, కడుపు వైపు రెక్క ఎంత పొడుగుందో చూడమంది. వీపు మీద రెక్కలాగే కింద కూడా పొడుగ్గా ఉందా, లేక పొట్టిగా ఉందా?

అందరూ నా వైపు చూశారు. రెండు చేతులూ పెట్టి పైకెత్తాను. అది తోకతో మొహం మీద ఒక్కటిచ్చింది. కళ్ళు తుడుచుకుని చూస్తే, కింద రెక్క బొటనవేలంత ఉంది, అంతే. కొరమీనుకు కింద రెక్క సగం ఒంటి పొడుగునా ఉంటుంది. ప్రతిసారీ కత్తిపీట మీద కింది నుంచి పై దాకా పీకేది నేనే. పచ్చ రెక్కలు, తోక మొదట్లో పసుపు అంచున్న నల్ల మచ్చ, కొరమీనుకు ఉండనివి రెండూ చూసి కూడా పైపైనే తీర్పు ఇచ్చేశాను. ఆ ఆత్రంలో అప్పుడే కోసేసి ఉండేదాన్ని.

“పొట్టిది,” అన్నాను. సుజాత ఇంగ్లీషులో చెప్పింది.

ఆమె గట్టిగా ఊపిరి వదలడం మాకు వినబడింది. అది బౌఫిన్ అట. ఎక్కడి నుంచో వచ్చింది కాదు, మనుషులు పుట్టకముందు నుంచీ ఈ నీళ్ళలోనే ఉన్న చేప. మాలాగే చాలామంది పొరపాటు పడి చంపేస్తుంటారట. ప్రాణంతో ఉన్న చేపను ఇంటికి తేవడమే తప్పు, కానీ మీరే ఫోన్ చేశారు కాబట్టి ఈసారికి హెచ్చరికతో వదిలేస్తున్నాను అంది. పవన్ ఆగకుండా థాంక్స్ చెబుతూనే ఉన్నాడు.

ఆమె మాటలు అయిపోలేదు. ఆ పచ్చ రంగు మగ చేపకి, అదీ ఈ రోజుల్లోనే వస్తుందట. గుడ్లు పెట్టి ఆడది వెళ్ళిపోతుంది, పిల్లల్ని కాసేది మగదే. పట్టిన చోట నల్లటి పిల్లల గుంపు ఏమైనా కనబడిందా అని అడిగింది.

“కప్ప పిల్లలనుకున్న,” అన్నాడు పవన్. “శానా ఉండె.”

“పట్టిన చోటే వదలండి. ఇప్పుడే వెళ్ళండి,” అంది ఆమె.

రెల్లు ఒడ్డు

ఐస్ పెట్టెలో తొట్టి నీళ్ళు, అందులో చేప, దాని మీద తడి తువ్వాలు. సెయింట్ క్లెయిర్ సరస్సులో కలిసే నది పక్కనే దక్షిణానికి భాస్కర్ ఎప్పుడూ లేనంత వేగంగా నడిపాడు. అప్పుడప్పుడూ పెట్టెలోంచి గుటుక్కుమని గాలి మింగిన చప్పుడు, ప్రతిసారీ మేఘన “హి ఈజ్ ఓకే” అనడం.

మోకాళ్ళ లోతు నీళ్ళు, రెల్లు మధ్య చిన్న ఖాళీ. అక్కడే పట్టానన్నాడు పవన్. చేపను వదిలితే అది రెల్లు మొదట్లో కట్టెముక్కలా పడి ఉంది, కదల్లేదు. గుంపు లేదు. బాగా చూస్తే నాచు సందుల్లో అక్కడొకటి, ఇక్కడొకటి నల్ల చుక్కలు. బిళ్ళల్లాంటి చిన్న చేపలు సర్రున వచ్చి ఒక్కో చుక్కనూ మింగి పోతున్నాయి. అడుగున రాళ్ళ మధ్య గోబీలు కాచుకుని ఉన్నాయి, పొద్దున ముసలాయన సంచిలో చూసినవే. నాకు ఏడుపొచ్చింది. చేపలు కోసి బతికేదాన్ని, నాకు ఏడుపు రావడమేంటి! వచ్చింది.

పవన్ బూట్లతోనే, జీన్స్ ప్యాంటుతోనే నీళ్ళలోకి దిగాడు. ఆ చుక్కలున్న చోట నిలబడి రెండు చేతులతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. “హుష్! పోండ్రి! హుష్!” అని పిట్టల్ని తోలినట్టు తోలుతున్నాడు. బిళ్ళ చేపలు చెదిరిపోవడం, మళ్ళీ రావడం, మళ్ళీ వీడు కొట్టడం. సుజాత చాలురా, చలి పెడుతుంది అంది. వాడు వినలేదు. భాస్కర్ కూడా ప్యాంటు మడుస్తున్నాడు. పవన్ కాళ్ళ చుట్టూ ఉన్న నీడలోకి నల్ల చుక్కలు ఒకటీ అరా చేరుతున్నట్టే అనిపించింది. నా కళ్ళకేనేమో తెలియదు. రెల్లు మొదట్లో ఆ కట్టెముక్క ఎప్పుడు కదిలిందో మాలో ఎవరమూ చూడలేదు.

“అమ్మా!” అని అరిచి పవన్ ఒంటికాలి మీద గెంతాడు. “కొట్టింది ఆంటీ! నన్నే కొట్టింది!”

వాడు ఇంకో కాలు మోపేలోపు నీళ్ళు చీల్చుకుంటూ పచ్చటి రెక్క మళ్ళీ వచ్చి వాడి పిక్క మీద రెండోసారి కొట్టింది. వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. అప్పటికీ అక్కణ్ణుంచి కదలకుండా చేతులు చాపి నిలబడే ఉన్నాడు.

“ఇగ నువ్వు బయటికి రారా,” అన్నాను. “వాళ్ళ బాపు వచ్చిండు.”